తడిసిన ధాన్యం, దిగిపోయే పెడల్

ఫజర్ నమాజు ముగించుకొని, మైపాడు వైపు చెరువుల నుండి రొయ్యల పెట్టెలు ఎక్కించుకొని నెల్లూరుకు బయలుదేరడం మా కుటుంబానికి పాతికేళ్లకు పైగా ఉన్న అలవాటు. మా అబ్బాజాన్ ఆ దారిని ఎంతగా ఎరిగినవారంటే, కళ్లు మూసుకున్నా ఏ మలుపులో ఏ చెట్టు ఉందో చెప్పగలరు. ఆయన తరువాత అన్నదమ్ములం ముగ్గురం ఆ బండినే నడిపాము. అది టాటా 407. మా చదువులు, మా చెల్లెలి నికాహ్, మా ఇంటి పైకప్పు అన్నీ ఆ బండి చక్రాల మీదుగానే వచ్చాయి. అటువంటి బండి ఒకనాటి ఉదయం మమ్మల్ని అల్లాహ్ సన్నిధిలో దోషులుగా నిలబెట్టబోయి, ఆయన కరుణ వల్లనే తప్పిపోయింది. ఆ సంగతిని, దాని తరువాత మేము నేర్చుకున్నదానిని పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవడం మా బాధ్యత అని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆనాడు ఇందుకూరుపేట దాటిన తరువాత ఒక చిన్న కాలువ వంతెన దిగుతున్నాము. మాలో నడిపివాడు స్టీరింగు పట్టుకొని ఉన్నాడు. వంతెన దిగువన మక్తబ్‌కు వెళ్లే పిల్లలు, తలలపై టోపీలు, రుమాళ్లతో, ఖాయిదా పుస్తకాలు గుండెలకు హత్తుకొని రోడ్డు దాటుతున్నారు. మావాడు బ్రేకు తొక్కాడు. పెడల్ నేలను తాకింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలనే తాకింది. బండి వేగం ఏ కొంచెమో తగ్గింది గాని ఆగలేదు. గేరు తగ్గించి హ్యాండ్ బ్రేకు లాగాడు. అదీ అంతంతమాత్రంగానే పట్టింది. చివరకు రోడ్డు పక్కన ఎవరో ఇంటి పనికి పోయించుకున్న ఇసుక కుప్పలోకి బండిని తిప్పాడు. బండి ఆగింది. పైనున్న రెండు పెట్టెలు జారిపడి ఐసు ముక్కలు రోడ్డంతా చెల్లాచెదరయ్యాయి. పిల్లలు కేరింతలు కొడుతూ ఆ ఐసు ముక్కలు ఏరుకున్నారు. తమకు ఏమి తప్పిపోయిందో వారికి తెలియదు. మాకు తెలుసు. మావాడు క్యాబిన్ దిగి, అక్కడే ఇసుకలో సజ్దాలో పడిపోయాడు.

ఈ సంఘటనను మేము ఇంట్లో 'అనుకోని ప్రమాదం' అని చెప్పుకున్నాము. అబ్బాజాన్ మాత్రం ఆ మాటను అంగీకరించలేదు. "అనుకోనిది కాదు. మూడు నెలలుగా మీరు అనుకుంటూనే ఉన్నారు. రెండోసారి తొక్కితే నిలబడుతుందిలే అనుకున్నారు," అన్నారు.

ఆ మాట నిజం. మూడు నెలలుగా ఆ బండి బ్రేకు మొదటిసారి తొక్కితే కిందకు పోయేది, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వచ్చి పట్టేది. ఆయిల్ డబ్బాలో మట్టం కూడా వారం వారం కొద్దికొద్దిగా తగ్గేది. మేము ఆయిల్ పోసేవాళ్లం, రెండుసార్లు తొక్కేవాళ్లం. మా కాలికి అదే అలవాటైపోయింది. లోపం అలవాటుగా మారిన తరువాత అది లోపంగా కనిపించదు. మనిషి చిన్న చిన్న పాపాల విషయంలో కూడా ఇలాగే ప్రవర్తిస్తాడేమో!

ఈ విషయం బోధపడాలంటే బ్రేకు ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్పవలసి ఉంది. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ నిరూపించాడు. ఆయిల్ బ్రేకుకు ఆధారం ఇదే. కాలితో పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండరులోని పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నని గొట్టాల గుండా ప్రతి చక్రం వద్ద ఉన్న వీల్ సిలిండరుకు చేరి, షూలను డ్రమ్ముకు అదిమిపెడుతుంది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ పద్ధతిని అమర్చుకొని వచ్చింది. అంతకు వెయ్యేళ్లకు పూర్వమే, 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు సోదరులు నీటి ఒత్తిడితోనూ, గాలి ఒత్తిడితోనూ పనిచేసే యంత్రాలను వర్ణిస్తూ 'కితాబుల్ హియల్' రచించారు. 1206లో అల్ జజరీ తన యంత్రాల గ్రంథాన్ని పూర్తిచేశాడు. ముస్లిం సమాజానికి చేతిపని తెలియనిది కాదు, చిన్నతనమూ కాదు. మేము కూడా ముగ్గురు సోదరులమే. అయితే ఆ బాగ్దాద్ సోదరులు ప్రతిదానినీ పరిశీలించి చూసేవారు. మేము చూడకుండా బిగించేవాళ్లం. తేడా అక్కడే ఉంది.

టాటా 407 మన రోడ్ల మీదకు వచ్చింది 1986లో. ఆ దశాబ్దంలోనే జపాను సహకారంతో నాలుగు కంపెనీల చిన్న లారీలు దేశంలోకి దిగాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ బండ్లు మన జహీరాబాదులోనే తయారయ్యేవి. ఆ పోటీలో నిలదొక్కుకున్న దేశీయ బండి 407. కోస్తాలో రొయ్యల సాగు విస్తరించిన 1990ల తొలినాళ్లలో చెరువుగట్ల సన్నదారుల్లో తిరగడానికి ఇటువంటి బండ్లే అనువుగా ఉండేవి. మా అబ్బాజాన్ కూడా ఆ రోజుల్లోనే కొన్నారు. ఆ తరువాత తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఎండిపోయాయి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించిన తరువాత గట్లు మళ్లీ కళకళలాడాయి. ఈ ఎత్తుపల్లాలన్నిటిలోనూ మా బండి తిరుగుతూనే ఉంది. అయితే దానిమీద ప్రతిరోజూ రొయ్యల పెట్టెల నుండి కారిన ఉప్పునీరు కూడా కారుతూనే ఉంది. సముద్రపు గాలి, ఉప్పునీరు కలిసి ఇనుమును తినివేస్తాయని ఈ తీరంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా మేము ఒక్కరోజైనా బండి అడుగుభాగాన్ని మంచినీటితో కడిగిన పాపాన పోలేదు.

ఇసుక కుప్పలో ఆగిన బండిని ఇంటికి తెచ్చి చూస్తే, ముందు ఎడమ చక్రం లోపలివైపు ఆయిల్‌తో తడిసి ఉంది. వీల్ సిలిండరు గోడ తుప్పుపట్టి, దానిలోని రబ్బరు తెగింది. ఖర్చు తగ్గుతుందని, మేమే ముందు చక్రాల రెండు సిలిండర్లూ విప్పి, కొత్తవి తెచ్చి బిగించాము. ఆ తరువాత ఆయిల్ పోసి గాలి తీశాము.

గాలి తీయడం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. గొట్టంలో ఎక్కడ గాలిబుడగ చేరినా కాలి బలమంతా దానిని నొక్కడానికే ఖర్చవుతుంది. పెడల్ స్పాంజిమీద కాలు వేసినట్లు మెత్తగా ఉంటుంది. అందుకని మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన దేశపు బండిలో డ్రైవరు కుడివైపు ఉంటాడు గనుక వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుసలో తీయాలి. ముందుగా ఇంజను ఆపి, నాలుగైదుసార్లు పెడల్ తొక్కి బూస్టరులోని వాకంను ఖాళీ చేయాలి. నిపిల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొసను కొద్దిగా ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. క్యాబిన్‌లో ఒకరు నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. కింద ఉన్నవారు నిపిల్‌ను పావు చుట్టు వదిలి, బుడగలతో కూడిన ఆయిల్ బయటకు వచ్చాక, మళ్లీ బిగించాలి. బిగించిన తరువాతనే పైవాడు కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. తొందరగా దడదడా తొక్కితే పెద్దబుడగ వంద చిన్న బుడగలై ఆయిల్‌లో కలిసిపోతుంది. డబ్బాలో ఆయిల్ మట్టం ఎన్నడూ అడుగంటరాదు. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ను తిరిగి వాడరాదు.

ఈ పని మేము ఒకసారి కాదు, మూడుసార్లు చేశాము. మూడు డబ్బాల ఆయిల్ ఖర్చయింది. పెడల్ మాత్రం మెత్తగానే ఉంది, కిందకే పోతోంది. మాస్టర్ సిలిండరును అనుమానించి దాని కిట్టు కూడా మార్చాము. ప్రయోజనం లేకపోయింది.

ఈ లోపల ఇంటిలో మరొక విషయం నడుస్తోంది. అబ్బాజాన్ బండిని అమ్మివేయాలని నిశ్చయించారు. ఆ ఏడు హజ్‌కు వెళ్లాలన్నది ఆయన సంకల్పం. అయితే అంతకు ముందు మా దగ్గరి బంధువు ఒకరు ఆదుకొని ఇచ్చిన వడ్డీలేని అప్పును తీర్చివేయాలి. బండి అమ్మితే ఆ అప్పు తీరుతుంది, ప్రయాణపు సొమ్ములో తక్కువపడిన భాగమూ సమకూరుతుంది. ఒక దళారి లక్షా ఎనభై వేలకు మనిషిని తెస్తానన్నాడు. వచ్చి పెడల్ తొక్కి చూసి, నవ్వి, "ఇది ఇట్టా ఉంటే ఎవరు కొంటారు భాయ్? దీనికి పెద్ద పనేమీ అక్కర్లా. పెడల్ కింద రాడ్డు కొంచెం పొడుగు చేయండి. పెడల్ పైన నిలబడుద్ది. తొక్కి చూసినోడికి ఎత్తుగా తగులుద్ది. అంతే!" అన్నాడు.

అలా చేశామని వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉంది. కాని దాచితే ఈ వ్యాసం వ్రాయడంలో అర్థం లేదు. ఆ రాత్రి ఇషా తరువాత, అబ్బాజాన్ నిద్రపోయాక, పెడల్ నుండి మాస్టర్ సిలిండరుకు పోయే పుష్ రాడ్డు నట్టు వదిలి పొడుగు చేశాము. పెడల్ రెండు వేళ్ల ఎత్తు లేచింది. తొక్కితే కాలికి ఏదో అడ్డు తగిలినట్లే ఉంది. లోపల మాత్రం ఏదీ మారలేదు. గాలి ఉన్నచోటనే ఉంది. 'కొన్నవాడు ఎలాగూ మేస్త్రికి చూపించుకుంటాడులే' అని మాకు మేమే సమాధానం చెప్పుకున్నాము. షైతాన్ మనిషికి పాపాన్ని పాపంగా చూపించడు, సర్దుబాటుగా చూపిస్తాడు.

మరుసటి ఉదయం అబ్బాజాన్ ఎవరికీ చెప్పకుండా బండిని బయటకు తీశారు. రెండు కిలోమీటర్లు వెళ్లి తిరిగి వచ్చి, ఇంటి ముందు ఆపి దిగారు. ముందు చక్రం దగ్గర కూర్చొని డ్రమ్ముకు చేయి దగ్గరగా పెట్టారు. లైనింగు మాడిన వాసన మా అందరికీ తగిలింది. బ్రేకు తొక్కకుండానే డ్రమ్ము కాగిపోయి ఉంది. దానికి కారణం ఉంది. పెడల్‌కూ మాస్టర్ సిలిండరు పిస్టన్‌కూ నడుమ కొద్దిపాటి ఖాళీ ఉండాలి. రాడ్డును అతిగా పొడుగు చేస్తే ఆ ఖాళీ పోయి, కాలు తీసినప్పుడు కూడా పిస్టన్ పూర్తిగా వెనుకకు రాదు. ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. బ్రేకులు వదలకుండా పట్టుకొనే ఉంటాయి. వేడికి ఆయిల్ వ్యాకోచించి మరింత బిగుస్తాయి.

అబ్బాజాన్ మావైపు చూసి ఒక్కటే అడిగారు. "రాడ్డును ముట్టినది ఎవరు?"

ఎవరమూ మాట్లాడలేదు. ఆయన కోపగించుకోలేదు. అరుగుమీద కూర్చొని, మాకు చిన్ననాడు ఎన్నోసార్లు చెప్పిన ఒక సంగతినే మళ్లీ చెప్పారు. మహనీయ ముహమ్మద్ ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి పక్కనుండి వెళుతూ దానిలోకి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. పైన చూస్తే పొడిగానే ఉంది. ఇదేమిటని యజమానిని అడిగితే, వాన పడి తడిసిందని అతడు చెప్పాడు. తడిసిన భాగాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీసి, మోసగించేవాడు తనవాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మనలో వినని వారుండరు.

"ఆ రాశిలో తడి ఉన్నది ధాన్యానికే. దానిని తిన్నవాడికి కడుపునొప్పి వస్తుందేమో, అంతే. మీరు తడిని దాచినది బ్రేకులో. ఆ పిల్లలను ఒకసారి అల్లాహ్ కాపాడాడు. ఈసారి వేరెవరి చేతికో బండినిచ్చి, వేరెవరి పిల్లల ముందుకో పంపుతారా? ఆ సొమ్ముతో కాబా చుట్టూ తిరగడానికి నా కాళ్లు రావు," అన్నారు అబ్బాజాన్.

అమ్మీజాన్ లోపలి నుండి వింటూనే ఉన్నారు. బయటకు వచ్చి, చెక్కపెట్టెలో ప్రయాణానికని దాచిన సొమ్ములో నుండి కొంత తీసి మా చేతిలో పెట్టి, "ముందు బండిని బాగుచేయించండి," అన్నారు. ఇంకేమీ అనలేదు.

అదేరోజు రాడ్డును యథాస్థానానికి తెచ్చి, బండిని నెమ్మదిగా నెల్లూరులోని ఒక పెద్ద మేస్త్రి వద్దకు తీసుకుపోయాము. ఆయనకు మా అబ్బాజాన్‌తో ముప్పై ఏళ్ల స్నేహం. ఆయన వెంటనే స్పానరు పట్టుకోలేదు. ముందు ప్రశ్నలు అడిగారు. కాలు వేస్తే మెత్తగా ఉందా, గట్టిగా ఉందా? అదిమి పట్టుకుంటే నిలబడుతుందా, మెల్లగా దిగిపోతుందా? రెండోసారి తొక్కితే పైకి వస్తుందా? బండి ఒక పక్కకు లాగుతుందా? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క అర్థం ఉన్నదని ఆయన చెబితే తెలిసింది. మెత్తగా ఉంటే గాలి. అదిమి పట్టుకున్నా మెల్లగా దిగితే మాస్టర్ సిలిండరు రబ్బరు లోలోపల వదిలేస్తోంది, లేదా ఎక్కడో కారుతోంది. రెండోసారి తొక్కితే పైకి వస్తే షూలకూ డ్రమ్ముకూ మధ్య దూరం ఎక్కువైంది. రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే బూస్టరు సాయం అందడం లేదు. ఒక పక్కకు లాగితే ఒక చక్రం లైనింగు ఆయిల్‌తో తడిసింది, లేదా సిలిండరు బిగుసుకుపోయింది.

మేము అన్నీ చెప్పాము. మూడుసార్లు గాలి తీశామని కూడా చెప్పాము. ఆయన టార్చిలైటు వేసుకొని ముందు ఎడమ చక్రం వెనుకకు దూరి, కొంతసేపటికి నవ్వుతూ బయటకు వచ్చారు.

"ఏంది అబ్బయ్యా, నిపిల్ కిందకెట్టా వచ్చింది? గాలి ఏడుంటది, పైనా కిందా?"

అప్పుడు మాకు అర్థమైంది. కొత్త సిలిండర్లు రెండూ చూపులకు కవలపిల్లల్లా ఉన్నాయి. కుడివైపుది ఎడమకు, ఎడమవైపుది కుడికి బిగించాము. దానితో గాలిని వదిలే నిపిల్ పైన ఉండవలసింది కిందికి వచ్చింది. మేము ఎన్నిసార్లు తీసినా కిందనుండి ఆయిల్ వచ్చేది. గాలి మాత్రం పైన హాయిగా కూర్చొని ఉండేది. మా శ్రమ అబద్ధం కాదు, మేము కార్చిన ఆయిల్ అబద్ధం కాదు. ద్వారం తప్పు చోట ఉంది, అంతే. మనిషిలోని అహం కూడా గాలి వంటిదే. అన్నిటికన్నా పైన చేరుతుంది. మనం మాత్రం కింద ఎక్కడో వెతుకుతాము.

సిలిండర్లు మార్చి బిగించి, వరుస ప్రకారం గాలి తీస్తే పెడల్ గట్టిపడింది. అయినా మొదటి తొక్కుకు కొంత కిందకు పోతూనే ఉంది. రెండో తొక్కుకు పైకి వస్తోంది. మూడు నెలల నాటి పాత రోగం అది. వెనుక డ్రమ్ములు విప్పితే, షూలను డ్రమ్ముకు దగ్గరగా జరిపే సర్దుబాటు మరలు రెండు చక్రాల్లోనూ ఉప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. లైనింగు అరిగినకొద్దీ దగ్గరకు జరపవలసిన షూలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. ఆనాడు వంతెన దిగువన ఏమి జరిగిందో మేస్త్రి అప్పుడు విడమరిచి చెప్పారు. ఈ బండిలో ముందు చక్రాలకు ఒక దారి, వెనుక చక్రాలకు ఒక దారిగా ఆయిల్ పోతుంది. ఒకటి తెగినా రెండోది ఆపాలన్నదే ఆ ఏర్పాటు. ముందుది తెగింది. వెనుకది ఉన్నది గాని, షూలు దూరంగా ఉన్నందున అవి డ్రమ్మును గట్టిగా తాకేలోపలే పెడల్ నేలను తాకింది. హ్యాండ్ బ్రేకు సరిగా పట్టకపోవడానికీ అదే కారణం. తయారుచేసినవారు మనకోసం ఒక రక్షణను ఉంచితే, దానిని మేము మా నిర్లక్ష్యంతో ముందే పోగొట్టుకున్నాము.

మరలు కదిలించి, శుభ్రం చేసి, చక్రం చేత్తో తిప్పుతూ షూలు డ్రమ్మును సన్నగా రాసే వరకు జరిపి, మళ్లీ చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వదిలారు. పెడల్ దానంతట అదే పైకి వచ్చింది. మేము రాడ్డుతో తెచ్చిన ఎత్తు కన్నా అది కొంచెం తక్కువే. కాని అది నిజమైన ఎత్తు. చివరగా ఆయన ఇంజను ఆపి, పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, అదిమి పట్టుకొని ఇంజను స్టార్టు చేయమన్నారు. పెడల్ కాలికింద కొద్దిగా దిగి నిలబడింది. బూస్టరు బాగున్నదనడానికి అది గుర్తు.

ఆ సాయంత్రం మేస్త్రి చెప్పిన మరొక విషయాన్ని తీరప్రాంత సోదరులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పీల్చుకున్న తరువాత ఆ కనీసం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. ఎక్కువసేపు బ్రేకు తొక్కుతూ పోతే తడిసిన ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలివలె నొక్కుకుపోతుంది. పైగా ఆ తేమ లోపలినుండే సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో మూత తీసిన డబ్బాను నెలల తరబడి ఉంచుకొని వాడటం తగదు. రెండేళ్లకొకసారైనా పాత ఆయిల్‌ను పూర్తిగా మార్చాలి. ఇంజను ఆయిల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బ్రేకులో పోయరాదు, రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఆయిల్ మట్టం తగ్గుతోందంటే పోయడం ఒక్కటే పని కాదు, ఎక్కడికి పోతోందో వెతకడం అసలు పని. పైకి పొడిగా కనిపించే ఆయిల్‌లో తడి ఉండవచ్చునని విన్నప్పుడు మాకు మళ్లీ ఆ ధాన్యపు రాశే గుర్తుకు వచ్చింది.

తరువాత రెండు రోజులకు దళారి ఆ మనిషిని తీసుకొచ్చాడు. విడవలూరు వైపు యువకుడు. భార్యను, మూడేళ్ల బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు. బిడ్డ క్యాబిన్ ఎక్కి స్టీరింగు పట్టుకొని నోటితో హారను మోగిస్తోంది. ఆ దృశ్యం చూసి మాలో రాడ్డు తిప్పినవాడు ఇంటి వెనుకకు వెళ్లిపోయాడు. అబ్బాజాన్ ఆ యువకుడిని పక్కన కూర్చోబెట్టుకొని మొత్తం చెప్పారు. బ్రేకు ఎప్పుడు పోయింది, ఏమేమి మార్చాము, ఏది పాతదిగానే ఉంది, గొట్టాల్లో ఏ రెండు తుప్పుపట్టి వచ్చే ఏడాదిలోగా మార్చవలసి ఉంది, అన్నీ ఒక కాగితం మీద వ్రాయించి చేతికిచ్చారు. దళారి మాకు కళ్లతో సైగలు చేస్తూనే ఉన్నాడు. యువకుడు కాగితం మడిచి జేబులో పెట్టుకొని, ఇంటిలో మాట్లాడుకొని వస్తానని వెళ్లాడు. రాలేదు.

ఇటువంటి కథల్లో సత్యం చెప్పిన మరుక్షణమే రెట్టింపు లాభం వస్తుంది. మాకు అలా రాలేదు. నాలుగు నెలలు గడిచాయి. బండి చివరకు వేరొకరికి లక్షా నలభై అయిదు వేలకు వెళ్లింది. ఆయనకూ అదే కాగితం ఇచ్చాము. వచ్చిన సొమ్ముతో అప్పు తీరింది. హజ్ సొమ్ము మాత్రం సరిపోలేదు. ఆ ఏడు మా పేట నుండి హాజీలు బయలుదేరిన రోజున అబ్బాజాన్ వారిని సాగనంపి, తన సలాం మదీనాకు చేర్చమని చెప్పి, ఇంటికి వచ్చి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. మేము క్షమాపణ కోరబోతే, "సంకల్పం అల్లాహ్ దగ్గర వ్రాయబడి ఉంటుంది. ఆయన పిలిచినప్పుడు వెళతాను," అన్నారు. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ నిజం చెప్పి లోపాలు దాచకుండా ఉంటే ఆ వ్యాపారంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ ప్రవక్త (స) బోధించారు. శుభం అంటే అంకెలు పెరగడం ఒక్కటే కాదని మాకు ఆనాడు తెలిసింది. ఆ రోడ్డు మీద ఆ బండి ఎదురైనప్పుడు మేము తల తిప్పుకోకుండా దానిని చూడగలుగుతున్నాము. అదీ శుభమే.

కొందరు సోదరులు బండి బయలుదేరేముందు దుఆ చదువుకుంటారు. అది చాలా మంచి అలవాటు, మేమూ చదువుతాము. అయితే ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండా వదిలి భారం వేయాలా అని ఒకరు అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాత భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన సంగతిని మరువరాదు. మన కాలపు ఒంటెకు తాడు దాని బ్రేకే. రోడ్డు మీదనుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని మనకు నేర్పబడింది. అటువంటప్పుడు బ్రేకు లేని బండిని ఆ రోడ్డు మీదకు తెచ్చేవాడు తన విశ్వాసానికి ఏమి చేసుకుంటున్నాడో ఆలోచించుకోవాలి.

సోదరులారా! మీ బండి మొదటిసారి తొక్కితే ఆగుతుందా? ఈ రోజే చూడండి. ఇంజను స్టార్టు చేయకముందే కాలు వేసి, నెమ్మదిగా అదిమి, మనసులో ముప్పై లెక్కపెట్టండి. దిగిపోతే బయలుదేరకండి. సోదరీమణులారా! మీ ఇంటివారు రెండుసార్లు తొక్కితే పడుతుందిలే అంటే ఊరుకోకండి. మా అమ్మీజాన్ చెక్కపెట్టె తెరిచినట్లు, అవసరమైతే మీరూ పెట్టె తెరవండి.

ఓ అల్లాహ్! మా బండ్లలోని లోపాలను మాకు సకాలంలో చూపించు. మా హృదయాల్లోని లోపాలను వాటికన్నా ముందు చూపించు. మా వల్ల ఏ తల్లీ తన బిడ్డ కోసం ఏడవకుండా మమ్మల్ని కాపాడు. మా అబ్బాజాన్ సంకల్పాన్ని నెరవేర్చు. ఆమీన్.